ఆమె ఏ పార్టీ మనిషో ఆమెనే చెప్పనివ్వండి

సీపీఐ, సీపీఎం తెలంగాణ రాష్ట్ర కమిటీలకు, ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీల నాయకత్వాలకు, వాటితో కలిసి నడిచే మహిళా సంఘాలకు

కామ్రేడ్స్,

నేను మీ ఏ పార్టీలోనూ సభ్యురాలిని కాను. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను, నల్లకుంటలో ఉంటాను. మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఆ గౌరవం ఉంది కాబట్టే కాస్త గట్టిగా కూడా రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. చనిపోయిన కమ్యూనిస్టు మహిళ మీద సంస్మరణ సంచిక వేసేటప్పుడు, స్తూపం మీద పేరు చెక్కించేటప్పుడు, సభలో ఆమె జీవితం చదివి వినిపించేటప్పుడు, ఆమె ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఎక్కడ పనిచేసిందో ఆధారంతో చెప్పండి. భర్త సభ్యత్వాన్ని బట్టో, అన్న ఉన్న పార్టీని బట్టో, అంత్యక్రియల రోజు ముందుగా వచ్చి జెండా కప్పినవాళ్ళని బట్టో ఆమె ఎటువైపో తేల్చేయకండి.

ఏటా సెప్టెంబర్‌లో తెలంగాణ సాయుధ పోరాట వారోత్సవాలు జరుగుతాయి. హిమాయత్‌నగర్‌లో సీపీఐ ఆఫీసు మఖ్దూం భవన్‌కూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సీపీఎం ఆఫీసు ఎం.బి. భవన్‌కూ మధ్య పెద్ద దూరం లేదు. అక్కడ తలుచుకునే పేర్లే ఇక్కడా తలుచుకుంటారు: ఐలమ్మ, ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం. 1946 నుంచి 1951 దాకా జరిగిన పోరాటం ఉమ్మడి పార్టీది. ఆ కాలం మీద మీ అందరికీ హక్కుంది, దాని గురించి నాకు తగువు లేదు. నా తగువంతా ఆ తర్వాతి కాలం గురించి. పోరాటం ఆగిపోయాక, పార్టీ చీలిపోయాక, ఆ ఆడవాళ్ళు ఇంకా ఎన్నో ఏళ్ళు బతికారు, పనిచేశారు, ఆలోచించారు. ఆ ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి మీ సంచికల్లో రాతలు పలచబడిపోతాయి, లేదా ఒకరు రాసినదానికీ ఇంకొకరు రాసినదానికీ పొంతన ఉండదు.

1964 ఏప్రిల్ 11న ఉమ్మడి సీపీఐ జాతీయ సమితి సమావేశం నుంచి 32 మంది బయటికి వచ్చారు. వాళ్ళలో ఏడుగురు అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్ళు: సుందరయ్య, బసవపున్నయ్య, తరిమెల నాగిరెడ్డి, మోటూరు హనుమంతరావు, దేవులపల్లి వెంకటేశ్వరరావు, ప్రసాదరావు, బాపనయ్య. జూలైలో వాళ్ళ తెనాలి సదస్సు, అక్టోబర్ చివర మొదలై నవంబర్‌లో ముగిసిన వాళ్ళ కలకత్తా మహాసభ, డిసెంబర్‌లో అవతలి పక్షం బొంబాయి మహాసభ. అలా పార్టీ సీపీఎం, సీపీఐలుగా చీలింది. చైనా యుద్ధం, కాంగ్రెస్ పట్ల వైఖరి, భారత రాజ్యం ఏ వర్గానిదన్న ప్రశ్న... ఈ చర్చలన్నీ అచ్చులో ఉన్నాయి. తీర్మానాలున్నాయి, ప్రతి తీర్మానాలున్నాయి. ఎవరు ఏ వాదన వైపు నిలబడ్డారో ఈరోజుకీ వెతికి పట్టుకోవచ్చు.

అయితే ఆ 32 పేర్లలో ఒక్క ఆడమనిషి పేరు లేదు. కొత్తగా ఏర్పడ్డ సీపీఎం మొదటి పొలిట్‌బ్యూరోలో ఉన్న తొమ్మిది మందీ మగవాళ్ళే. ఆ పొలిట్‌బ్యూరోలోకి మొదటి మహిళ రావడానికి 2005 దాకా పట్టింది. చీలిక నిర్ణయం జరిగిన గదుల్లో ఆడవాళ్ళు దాదాపు లేరు. నిర్ణయం ఇంటికి వచ్చింది. "ఆయన అటు వెళ్ళారు కాబట్టి ఆవిడా అటే" అని మనం రాసుకున్నాం. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. ఆమె కూడా చదివి, ఆలోచించి, అదే సరైన దారని నమ్మి వెళ్ళి ఉండొచ్చు. అలాగైతే ఆ నమ్మకాన్ని ఆమె నమ్మకంగానే రాయాలి. ఆయన వెనక నడిచిందని రాస్తే ఆమె రాజకీయాన్ని తీసేసినట్టే.

మా మేనత్త సంగతి ఇక్కడ చెప్పాలి. పేరు రాయను, పిల్లలు వద్దన్నారు. సూర్యాపేట వైపు పల్లె ఆమెది. ఇంకా ఓణీ కూడా వేయని వయసులో దళాలకు చీటీలు మోసింది. రొట్టెల మూటలో పెట్టుకుని, పొలానికి పోతున్నట్టు పోయేది. పోరాట విరమణ జరిగాక పెళ్ళి చేశారు. మామయ్య ఫ్యాక్టరీ కార్మికుడు, యూనియన్‌లో ముఖ్యుడు. ముషీరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. 1964లో మామయ్య ఒక పార్టీకి వెళ్ళారు. అత్త మాత్రం అవతలి పార్టీకి దగ్గరగా ఉన్న మహిళా సంఘంలోనే ఉండిపోయింది. చిక్కడపల్లి, రాంనగర్, అడిక్‌మెట్ బస్తీల్లో నల్లా నీళ్ళ కోసం, రేషన్ బియ్యం కోసం ఆడవాళ్ళని పోగుచేసి దరఖాస్తులు రాయించేది. ఇంట్లో ఒకే పొయ్యి మీద రెండు వైపుల కార్యకర్తలకీ చాయ్ కాగేది. వాళ్ళిద్దరూ ఆ విషయం మీద పోట్లాడుకోవడం నేను చూడలేదు. కానీ మామయ్య ఎటువైపో ఊరంతటికీ తెలుసు. అత్త సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియదు.

పెద్దయ్యాక నేను అడిగాను. ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది. "మీ మామ ఏ జెండా పట్టిండో అందరడిగిండ్రు. నన్నెవలడిగిండ్రు బిడ్డా?" మరి ఆయనతో ఎందుకు వెళ్ళలేదంటే, "చైనా సంగతి వాళ్ళకెరుక. బస్తీల ఆడోళ్ళను రెండు ముక్కలు చేసుడు నాకు సమ్మతి గాలే" అంది.

నా దృష్టిలో అది పూర్తి రాజకీయ వైఖరి. మహిళా సంఘం చీలకూడదన్నది ఆమె పక్షం. తీర్మానంగా ఎక్కడా నమోదు కాలేదు గానీ, ఆ పక్షం మీద ఆమె చివరిదాకా నిలబడింది.

ఆమె చనిపోయినప్పుడు మామయ్య ఉన్న పార్టీ వాళ్ళు వచ్చి జెండా కప్పారు. ప్రేమతోనే కప్పారు, నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత వాళ్ళు వేసిన సంచికలో "భర్త అడుగుజాడల్లో తుదిశ్వాస వరకు పార్టీకి కట్టుబడిన ఆదర్శ సహచరి" అని రాశారు. అవతలి పార్టీ వాళ్ళు పెట్టిన సంతాప సభలో "కుటుంబ ఒత్తిళ్ళ వల్ల ఉద్యమానికి దూరమయ్యారు" అన్నారు. రెండూ తప్పే. ఆమె ఎవరి అడుగుజాడల్లోనూ నడవలేదు, ఉద్యమానికి దూరమూ కాలేదు. ఆమె దగ్గర ఒక రూళ్ళ నోట్‌బుక్ ఉండేది. ఏ బస్తీలో ఎప్పుడు మీటింగ్, ఎవరెవరు వచ్చారు, ఎంత చందా వసూలైంది, ఎవరికి ఏ ఆఫీసులో ఏ పని ఆగింది... అన్నీ అందులో ఉన్నాయి. సంచిక వేసినవాళ్ళకి దాని సంగతి చెప్పాను. అచ్చయిపోయిందమ్మా, వచ్చేసారి చూద్దాం అన్నారు. ఆ వచ్చేసారి రాలేదు.

ఇది మా ఒక్క ఇంటి బాధే అయితే బహిరంగంగా రాసేదాన్ని కాదు. నేను విద్యార్థులతో కలిసి వెతికిన ప్రతిచోటా ఇదే చిక్కు ఎదురైంది. కారణాలు కొన్ని మీకు నాకంటే బాగా తెలుసు. అయినా ఒకచోట పెట్టి చూడాలి.

మొదటిది మహిళా సంఘానికీ పార్టీకీ ఉన్న తేడా. భారత జాతీయ మహిళా సమాఖ్య 1954లో కలకత్తాలో ఏర్పడింది, ఉమ్మడి పార్టీ రోజుల్లో. పార్టీ 1964లో చీలింది. చీలిక తర్వాత సమాఖ్య సీపీఐ వైపే ఉంది. సీపీఎం వైపు మహిళా సంఘం ఐద్వా 1981లో మద్రాసులో ఏర్పడింది. మధ్యలో పదిహేడేళ్ళు. ఆ పదిహేడేళ్ళూ సీపీఎం వైపు మహిళలకు అఖిల భారత స్థాయిలో సొంత సంఘం లేదు, రాష్ట్రాల్లో రకరకాల పేర్లతో పనిచేశారు. అప్పటి ఏదో సమాఖ్య సభ కరపత్రంలో ఒకామె పేరు కనబడిందనుకోండి. దాన్ని బట్టి ఆమె సీపీఐ అని ఒకరు రాస్తారు. 1981 తర్వాత ఐద్వా వేదిక మీద ఫొటో దొరికితే మొదటి నుంచీ సీపీఎం అని ఇంకొకరు రాస్తారు. ప్రజా సంఘంలో సభ్యత్వం ఉన్నంత మాత్రాన పార్టీ సభ్యత్వం ఉన్నట్టు కాదని కార్యకర్తలకు రాజకీయ తరగతుల్లో చెప్పేది మీరే కదా. చనిపోయినవాళ్ళ విషయంలో కూడా ఆ సూత్రాన్ని పాటించండి.

పార్టీ సభ్యత్వం సంగతి ఇంకా లోతైనది. సానుభూతిపరులు, అభ్యర్థి సభ్యులు, పూర్తి సభ్యులు, ఏటేటా పునరుద్ధరణ, పార్టీకి కట్టే లెవీ. ఈ మెట్లలో ఆడవాళ్ళు ఎక్కడ ఉండేవాళ్ళు? రహస్య స్థావరంలో అన్నం వండినామె, అజ్ఞాతంలో ఉన్న నాయకుణ్ణి పశువుల కొట్టంలో దాచినామె, పోలీసులు తన్నినా నోరు విప్పనామె... వీళ్ళలో చాలామందికి సభ్యత్వం ఇవ్వాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. పాత హైదరాబాద్‌లో కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం లాంటివాళ్ళకు అండగా నిలిచిన జమాలున్నీసా బాజీ, ఆమె చెల్లెలు రజియా బేగం చేసిన పని ఇళ్ళల్లో జరిగింది, ఉర్దూలో జరిగింది. తెలుగు సంచికల్లో వాళ్ళకు ఎన్ని పేజీలు దక్కాయో మీరే చూసుకోండి. సభ్యత్వ జాబితాలో పేరు లేకపోతే ఆమె పార్టీ మనిషి కాదని అప్పట్లో అన్నవాళ్ళం, ఇప్పుడు ఆమె మా పార్టీ అని కొట్లాడుతున్నాం.

పేర్లు ఇంకో చిక్కు. ఆరుట్ల కమలాదేవి పుట్టింటి పేరు రుక్మిణి, పెళ్ళి తర్వాత కమలాదేవి అయ్యారు. అజ్ఞాతంలో పెట్టుకున్న పేర్లు వేరే. ఒకే మనిషి కాగితాల్లో ఇద్దరుగా, ముగ్గురుగా కనబడుతుంది. ఎన్నికల రికార్డూ అలాంటిదే. కమలాదేవి ఆలేరు నుంచి 1952లో, 1957లో పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో గెలిచారు, 1962లో సీపీఐ పేరుతో గెలిచారు. 1952 నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీడీఎఫ్ పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి తెలియని పిల్లవాడు ఆ జాబితా చూస్తే ఆమె 1962లో పార్టీ మారిందనుకుంటాడు. మా విద్యార్థి ఒకడు అలాగే రాసుకొచ్చాడు. తప్పు వాడిది కాదు, వాడికి వివరణ దొరికే చోటు లేదు. 1962లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి పార్టీ 51 స్థానాలు గెలిచింది. 1967కి వచ్చేసరికి సీపీఐకి 11, సీపీఎంకి 9. మధ్యలో ఎవరు ఎటు వెళ్ళారో మగ నాయకుల విషయంలో ప్రతి ఊళ్ళోనూ చెబుతారు. వాళ్ళ ఇళ్ళల్లోని ఆడవాళ్ళ సంగతి అడిగితే మాట తప్పిస్తారు.

కమలాదేవి సీపీఐలోనే ఉండిపోయారు, ఆమె సహచరుడు రామచంద్రారెడ్డి కూడా. భార్యాభర్తలు 1962లో ఒకే శాసనసభలో కూర్చున్నారు. మోటూరు హనుమంతరావు ఆ 32 మందిలో ఒకరు, మోటూరు ఉదయం గారు ఐద్వా నాయకురాలు. ఇక్కడ ఇద్దరి దారీ ఒకటే. కానీ ఉదయం గారు అంతకు చాలా ముందే ఆడపిల్లల బుర్రకథ దళం కట్టి ఊళ్ళు తిరిగిన మనిషి. ఆమె సీపీఎం వైపు ఎందుకు నిలబడ్డారో ఆమె ఉపన్యాసాల నుంచి, ఆమె నడిపిన పనుల నుంచి చెప్పొచ్చు. భర్త పేరు ఊతగా పట్టుకోవాల్సిన అవసరం లేదు.

మల్లు స్వరాజ్యం గారిని చూడండి. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి, భర్త మల్లు వెంకట నరసింహారెడ్డి, ఇద్దరూ పెద్ద నాయకులు. అన్న చివరికి సీపీఎం విడిచి సొంత దారి పట్టారు. చెల్లెలు సీపీఎంలోనే ఉన్నారు, తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యేగా గెలిచారు, 2022 మార్చి 19న హైదరాబాద్‌లో చనిపోయేదాకా అదే జెండా. ఆమె విషయంలో ఎవరూ తప్పు రాయలేరు, ఎందుకంటే ఆమె తన సంగతి తానే మైకు ముందు గొంతెత్తి చెప్పుకున్నారు. ఆ అవకాశం, ఆ గొంతు దక్కనివాళ్ళ గురించే నా బాధ.

కొండపల్లి కోటేశ్వరమ్మ గారు 2018 సెప్టెంబర్‌లో విశాఖపట్నంలో పోయారు, నూరేళ్ళు నిండాక. పామర్రులో బాల వితంతువుగా మొదలైన జీవితం. పార్టీలోకి వచ్చి, అజ్ఞాతవాసం చేసి, భర్త విడిచి వెళ్ళాక ఈ హైదరాబాద్‌లోనే ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా తన కాళ్ళ మీద నిలబడ్డ మనిషి. చాలా వార్తల్లో మొదటి వాక్యం మాత్రం ఫలానా నక్సలైట్ నాయకుడి భార్య అని. ఆ నాయకుడు పెట్టిన పీపుల్స్ వార్ 1980లో పుట్టింది. అప్పటికి వాళ్ళిద్దరూ విడిపోయి ఎన్నో ఏళ్ళు. ఆమెకు సంబంధం లేని పార్టీ పేరు ఆమె మరణవార్త మీద ఎక్కింది. రాసింది విలేకరులే అనుకోండి. అయినా కమ్యూనిస్టు ఉద్యమం తన ఆడవాళ్ళని పరిచయం చేసే పద్ధతే అదైనప్పుడు విలేకరులు వేరేలా ఎందుకు రాస్తారు? ఆమె తన కథ తానే రాసుకుంది కాబట్టి చదివినవాళ్ళకైనా నిజం తెలిసింది. అది 2012 దాకా రాలేదు, అప్పటికి ఆమెకు తొంభై దాటాయి.

ఇక ఎమర్జెన్సీ. ఈ మాట ఎత్తితే సీపీఐ మిత్రులు నొచ్చుకుంటారని తెలుసు. ఎమర్జెన్సీని సమర్థించడం పొరపాటని 1978 భటిండా మహాసభలో మీ పార్టీయే ఒప్పుకుంది. పార్టీ ఒప్పుకున్న పొరపాటుకు ఆడ కార్యకర్తల జీవిత చరిత్రల్లో 1975 నుంచి 1977 దాకా ఖాళీ వదలాల్సిన పనిలేదు. ఆ రెండేళ్ళలో పార్టీ మాట విని బాధపడ్డవాళ్ళున్నారు, సరేనని సర్దుకున్నవాళ్ళున్నారు, పక్కింటి సీపీఎం కార్యకర్త పిల్లలకి అన్నం పెట్టినవాళ్ళున్నారు. విధేయత తెగిపోయేది, గట్టిపడేది అలాంటి రోజుల్లోనే. అది లేకుండా ఆమె ఎందుకు పార్టీలో ఉందో, ఎందుకు వెళ్ళిపోయిందో ఎవరికీ అర్థం కాదు.

ఎంఎల్ వైపు మిత్రులకు కూడా ఇదే మాట. 70ల మొదట్లో ఉస్మానియా చుట్టూ ఉన్న ఆడపిల్లలు ప్రగతిశీల మహిళా సంఘం (పీఓడబ్ల్యూ) పెట్టారు. కట్నాల మీద, ధరల మీద, అసభ్య పోస్టర్ల మీద రోడ్డెక్కారు. ఎమర్జెన్సీ ఆ సంఘాన్ని చెల్లాచెదురు చేసింది. తర్వాత వాళ్ళలో కొందరు పార్టీ చట్రంలోకి తిరిగి వెళ్ళలేదు. 1978లో హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన పుట్టింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి టేప్ రికార్డర్లు పట్టుకుని వెళ్ళి, వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటలుగానే 1986లో పుస్తకంగా వేసింది ఆ సంఘమే. సుందరయ్య గారు 1972 నాటి తన పోరాట చరిత్రలో ఆడవాళ్ళ కోసం ఒక అధ్యాయం రాశారు, అది పెద్ద విషయమే. కానీ ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, విరమణ తర్వాత నీకేమైంది, ఇంటికి వెళ్ళిపొమ్మన్నప్పుడు నీకేమనిపించింది అని అడిగినవాళ్ళు పార్టీల బయట ఉన్న ఆడవాళ్ళు. అడిగితే ఏం చెప్పారో మీకు తెలుసు. తుపాకి పట్టిన చేతులు మళ్ళీ పొయ్యి దగ్గరికి పంపబడ్డాయని చెప్పారు. చెబుతూ కూడా ఆ రోజుల్ని ప్రేమించారు. పార్టీ మీద కోపం, పార్టీ మీద ప్రేమ ఒకే మనిషిలో ఉంటాయి. పార్టీ విడిచిన మహిళని "ఉద్యమాన్ని వీడారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ రెండూ పోతాయి.

ఐలమ్మ గారి పేరు 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషించాను. విసునూరు దేశ్‌ముఖ్ మీద నిలబడి తన పంట తాను దక్కించుకున్న పాలకుర్తి ఆడమనిషికి ఈ నగరంలో అంతకన్నా తగిన చోటు ఉండదు. కానీ ప్రభుత్వ వేదికల మీద ఆమె కథలోంచి సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, మెల్లగా తప్పుకుంటోంది. ఆ సంఘం కార్యకర్తలు వెంట రాకుండా ఆ పంట ఇంటికి చేరేది కాదు. కులసంఘాలు తమ బిడ్డ అంటున్నాయి, అదీ నిజమే, చాకలి కులంలో పుట్టడం వల్లే దొర ఆమెను అంత చులకనగా చూశాడు. ఆమె మీద అందరికీ హక్కుంది. ప్రభుత్వం సంఘాన్ని తుడిచేస్తోందని మీరు అభ్యంతరం చెబుతున్నారు, సబబే. అదే న్యాయం మీ సొంత సంచికలకు కూడా వర్తించాలి. ఆమె జీవితంలోంచి ఎర్రజెండాని వాళ్ళు తీసేయకూడదు, మా అత్త జీవితంలోంచి ఆమె పట్టిన జెండాని మీరు తీసేయకూడదు.

ఉద్యమం బలహీనంగా ఉన్న ఈ రోజుల్లో పాత చీలికల్ని కెలకడం ఎందుకని మీలో కొందరు అంటారు. నాకు నేరుగానే అన్నారు. కెలకమనడం లేదు. పార్టీ ఎప్పుడు పుట్టిందన్న దాని మీదే మీకు ఏకాభిప్రాయం లేదు. తాష్కెంట్, 1920 అంటుంది సీపీఎం. కాన్పూర్, 1925 డిసెంబర్ 26 అంటుంది సీపీఐ. ఇద్దరూ నూరేళ్ళ ఉత్సవాలు వేరువేరు ఏళ్ళలో చేసుకున్నారు. దానివల్ల ఐక్య పోరాటాలు ఆగలేదు, ఒకే ఊరేగింపులో నడుస్తూనే ఉన్నారు. తేదీ మీద వాదించేటప్పుడు ఇద్దరూ దస్తావేజులు ముందు పెట్టి, ఎవరు హాజరయ్యారో, ఏ తీర్మానం చేశారో చూపించి వాదిస్తారు. మనిషి జీవితం మీద మాట్లాడేటప్పుడు కూడా ఆ క్రమశిక్షణే కావాలంటున్నాను. ఇంతకంటే ఎక్కువ అడగడం లేదు.

చేయగలిగిన పనులే చెబుతాను. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, కొండాపూర్‌లో సీఆర్ ఫౌండేషన్, దానిలో నీలం రాజశేఖరరెడ్డి పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఈ రెండు చోట్లా పనిచేసేవాళ్ళు కలిసి కూర్చుని, మహిళా కార్యకర్తల గురించి మీ మీ దగ్గర ఉన్న కాగితాలు, ఫొటోలు, టేపులు ఏమేమిటో ఒక్క ఉమ్మడి జాబితా చేయండి. పార్టీ రహస్యాలు బయట పెట్టమనడం లేదు. 60 ఏళ్ళ కిందటి సభ్యత్వ పుస్తకంలో రహస్యమేముంటుంది? సంస్మరణ సంచిక వేసేముందు ఇంట్లో మగవాళ్ళతో పాటు కూతుళ్ళని, కోడళ్ళని, పక్కింటి స్నేహితురాలిని కూడా అడగండి. చివరి ఏళ్ళలో ఆమెతో ఎక్కువ గడిపింది వాళ్ళే. రెండు పార్టీల మధ్య అభిప్రాయభేదం ఉంటే ఆ భేదాన్ని అలాగే అచ్చు వేయండి, ఫలానా వారి కథనం ఇది, ఫలానా వారి కథనం ఇది, ఆమె రాసుకున్నది ఇది అని. పాఠకులు తట్టుకోగలరు. తప్పు తేలితే తర్వాతి సంచికలో సవరణ వేయండి, చిన్న అక్షరాల్లో మూల పెట్టకుండా.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది ఇంకొకటి ఉంది. సాయుధ పోరాట తరం దాదాపు వెళ్ళిపోయింది. 70లలో, 80లలో సంఘాల్లోకి వచ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్ళు. రమీజాబీ మీద పోలీసులు చేసిన దారుణానికి 1978లో ఈ నగరం వీధుల్లోకి వచ్చినప్పుడు నడిచినవాళ్ళు, 90ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమంలో దుకాణాల ముందు కూర్చున్నవాళ్ళు, పాతబస్తీలో ఉర్దూలో మీటింగులు పెట్టినవాళ్ళు... వీళ్ళు మన మధ్యే ఉన్నారు, అంబర్‌పేటలో, ఓల్డ్ మలక్‌పేటలో, ఉప్పల్‌లో. ఇప్పుడే వెళ్ళి అడగండి. ఎప్పుడు చేరావమ్మా? సభ్యత్వం ఇచ్చారా, ఇవ్వలేదా? చీలికప్పుడు నీ మనసు ఎటు? ఆయన ఎటు? విడిచి వెళ్ళావా, వెళితే ఎందుకు? మళ్ళీ వస్తావా? ఇబ్బందికరమైన జవాబులు వస్తాయి. కొన్ని మీ పార్టీకి నచ్చవు. వాటిని కూడా రాయండి. ఐద్వా, మహిళా సమాఖ్య, పీఓడబ్ల్యూ కలిసి ఈ పని చేపడితే, కాలేజీ పిల్లల్ని నేను తీసుకొస్తాను. రికార్డు చేయడం, రాసి పెట్టడం వాళ్ళకి నేర్పగలను.

పార్టీ నిర్మాణం గురించి బయటి మనిషి సలహాలు ఇవ్వకూడదని మీలో ఎవరికైనా అనిపిస్తే, ఒక్క సంగతి గుర్తుచేస్తాను. మీ పార్టీల బయటే ఉండిపోయిన ఆడవాళ్ళు మీ పార్టీల కోసం చేసిన పని గురించే ఈ ఉత్తరం.

మా అత్త నోట్‌బుక్ జిరాక్స్ కాపీలు రెండు తీయించి పెట్టాను. ఆమె పిల్లలు ఒప్పుకున్నారు, వేరేవాళ్ళ ఇంటి సంగతులున్న కొన్ని పేజీలు తప్ప. ఒకటి ఎం.బి. భవన్‌లో ఇస్తాను, ఒకటి మఖ్దూం భవన్‌లో ఇస్తాను. తీసుకున్నట్టు తేదీ వేసి రసీదు ఇవ్వండి, అది మీ ఏ గ్రంథాలయంలో ఏ నంబరు కింద ఉంటుందో అందులో రాయండి. ఎంఎల్ మిత్రులు ఎవరైనా అడిగితే వాళ్ళకీ ఇస్తాను. అది చదివాక ఆమె మీద మళ్ళీ ఒక పేజీ రాయండి, ఇద్దరూ కలిసి రాసినా సరే, విడివిడిగా రాసినా సరే. 1964 తర్వాత ఆమె ఏ సంఘంలో పనిచేసిందో అందులో ఉండాలి.

అభినందనలతో,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు
నల్లకుంట, హైదరాబాద్